పలకల క్లబ్బు ఓడిపోని ఆట

ఆ రోజుల్లో మా మార్కాపురం పక్క ఆటంటే పిల్లకాయలు ఆడేదే. పెళ్ళయిన మగవాడు ఆడితే దాన్ని ఆట అనరు, జూదం అంటారు (పేకముక్కలు తప్ప వాడింకేం ఆడతాడు?). అలాంటి కాలంలో, నిక్కరు వేసుకుని బంతి వెంట పరిగెత్తినందుకు మగవాడికి నెలనెలా జీతమిచ్చే క్లబ్బు ఒకటి మా దగ్గర ఉండేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. అప్పటివాళ్ళూ నమ్మలేదు. నేను నమ్మాను, ఎందుకంటే ఆ జీతగాళ్ళలో ఒకడు నా మొగుడు. ఇప్పుడు గిద్దలూరు బస్టాండులో చూస్తే కుర్రవాళ్ళంతా ఏవేవో దేశాల ఫుట్‌బాల్ క్లబ్బుల చొక్కాలు వేసుకుని తిరుగుతున్నారు. ఆ క్లబ్బు ఎప్పుడు పుట్టింది, ఎన్ని కప్పులు గెలిచింది, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మంచిదే. మరి మా క్లబ్బు చరిత్ర కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా. దాని సంగతి తెలిసినవాళ్ళలో మిగిలింది నేనే, నాకు చదువు సంతకం దాకానే వచ్చు. అందుకని నేను చెబుతున్నాను, మా మనవరాలు రాస్తున్నది. బూతులు వస్తే తీసేస్తానని ముందే చెప్పింది (వస్తాయి. తీసుకోనీ).

క్లబ్బుకు బోర్డు మీద ఇంగ్లీషులో పెద్ద పేరే ఉండేది. జనం మాత్రం పలకల క్లబ్బు అనేవాళ్ళు. దాన్ని పెట్టింది పలకల ఫ్యాక్టరీ ఓనరు మరి. ఆయన్ని మేమంతా పలకలాయన అనేవాళ్ళం. బడిపిల్లలు దిద్దుకునే రాతి పలకలు మా దగ్గర్నుంచే ఊళ్ళూళ్ళకూ లారీల్లో పోయేవి. ఒకసారి వాటిని అమ్ముకోవడానికి మద్రాసు పోయిన పలకలాయన, అక్కడెవరో ఫుట్‌బాల్ ఆడుతుంటే గోడమీంచి చూశాడట. పలకలు ఎన్ని అమ్మాడో తెలియదు గానీ, తిరిగొచ్చేటప్పుడు ఒక బంతి, ఒక విజిలు, వాటితోపాటు ఒక జబ్బు తెచ్చుకున్నాడు. ఫ్యాక్టరీ వెనక, రాళ్ళ గుట్టలకు అవతల, కాస్త చదునుగా ఉన్న బీడు శుభ్రం చేయించాడు. గోళ్ళ కోసం రెండు వైపులా సరుగుడు గుంజలు నాటించాడు. మనుషులను జీతానికి పెట్టుకున్నాడు. ఆడటం నేర్పేదీ ఆయనే, తిట్టేదీ ఆయనే.

క్లబ్బు సాధించినవాటిని వరుసగా చెప్పమంటే చెబుతాను, ఎక్కువ సేపు పట్టదు. మొదటి ఏడాదంతా చేతులు వాడకూడదన్న సంగతి నేర్చుకోవడానికే సరిపోయింది. మా పక్క మగవాళ్ళు కబడ్డీ మనుషులు. బంతితో ఎదురొచ్చినవాణ్ణి నడుము పట్టి కింద పడేసి, పాయింటు వచ్చిందనుకుని చెయ్యెత్తి నిలబడేవాళ్ళు. రెండో ఏడాదికి అందరికీ ఒకే రంగు సాక్సులు వచ్చాయి. ఆ తర్వాత ఒకసారి కంభం వాళ్ళతో ఆట పెట్టుకుంటే, ఆ రోజు వాళ్ళ ఊళ్ళో ఎవరిదో పెళ్ళని వాళ్ళు రాలేదు. రానివాళ్ళు ఓడినట్టే లెక్క అన్నాడు పలకలాయన. తప్పెట్లు కొట్టించి, టీమునంతా ట్రాక్టరెక్కించి మార్కాపురం బజార్లన్నీ ఊరేగించాడు. మా ఆయన మెడలో చామంతి దండ కూడా పడింది. క్లబ్బు గెలిచిన ఆట అదొక్కటే. ఓడినవాటి లెక్క ఎవరూ పెట్టుకోలేదు, అంత తీరిక ఎవరికుంది?

మా ఆయన ఆ టీములోకి ఎట్లా పోయాడంటే, గొర్రె వల్ల పోయాడు. మా అత్తగారి వాళ్ళది పెద్దారవీడు పక్క పల్లె, గొర్రెల మంద ఉండేది. ఒకసారి కంభం సంతలో ఒక పొట్టేలు తాడు తెంపుకుని జనం మీదుగా ఎగిరి దూకింది. మా ఆయన అడ్డంగా గాల్లోకి లేచి, దాని వెనక కాలు దొరకబుచ్చుకుని, దాంతోపాటు ఉల్లిగడ్డల కుప్పలో పడ్డాడు. కాలు మాత్రం వదల్లేదు. పక్కనే నిలబడి చూసిన పలకలాయన, ఉల్లిగడ్డలు దులుపుకునేదాకా కూడా ఆగకుండా, "ఏమబ్బీ, గోలు కాడ నిలబడతావా?" అన్నాడట. గోలంటే ఏంటో తెలియకపోయినా మా ఆయన నిలబడతానన్నాడు. ఆయన నైజమే అంత.

ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు మా మామ చేస్తున్న పని ఆపి కూర్చున్నాడు.

"తన్నినందుకు జీతమా? మన పొట్టేలు పొద్దస్తమానం తంతానే ఉంటాది. దానికెవురిస్తారురా జీతం?"

"నేను తన్నను నాయనా, పట్టుకుంటా."

"పట్టుకోని ఏం జేస్తావు?"

"మళ్ళీ ఇసిరేస్తా."

 "ఇసిరేసేదానికి పట్టుకునేది ఎందుకురా అబ్బయా?" అన్నాడు మామ. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు.

నాకు మాత్రం ఆ ఉద్యోగం ప్రాణంతో సమానం. ఆటమీద ఇష్టంతో కాదు. జీతంతోపాటు పలకలాయన ఫ్యాక్టరీ వెనక క్వార్టర్సులో ఒక గది ఇచ్చాడు, అదీ సంగతి. పైన రేకులు, కింద నాపరాయి, ఎదురుగా తలుపు. ఆ తలుపుకు లోపలినుంచి వేసుకునే గడియ. పెళ్ళై అత్తగారింటికి పోయిన కొత్తలో మాకక్కడ గది లేదు, పాత చీరతో కట్టిన అడ్డం ఉండేది. ఆ అడ్డానికి అవతల అత్త, మామ, ఇద్దరు ఆడబిడ్డలు. ఇవతల మేమిద్దరం, మాతోపాటు ఈనిన గొర్రెల పిల్లలు (చలికి బయట ఉంటే చచ్చిపోతాయని అత్త తెచ్చి మా పక్కనే పడుకోబెట్టేది). మొగుడితో ఒక మాట మాట్లాడితే ఇంట్లో నలుగురూ జవాబు చెప్పేవాళ్ళు, అయిదో జవాబు గొర్రెపిల్ల చెప్పేది. అట్లాంటిదానికి గడియ ఉన్న తలుపు దొరికితే ఎట్లా ఉంటుంది? మొదటి వారమంతా నేను పనేమీ లేకపోయినా ఊరికే ఆ గడియ వేసి తీసి చూసుకున్నాను. పగలు ఫ్యాక్టరీలో పలకలకు చెక్క చట్రాలు బిగించే పనికి పోయేదాన్ని, సాయంత్రం నా గదికి వచ్చేదాన్ని. నా గది అనే మాట నోట్లో బెల్లంముక్కలాగా ఉండేది.

ఇట్లా ఉండగా ఒకరోజు పలకలాయన టీమునంతా గుంజల కింద కూర్చోబెట్టాడు. క్వార్టర్సు ఆడవాళ్ళం కూడా వెనక నిలబడ్డాం.

"ఈ ఆదివారం నంద్యాల్నించి టీము వస్తా ఉంది," అన్నాడు. "గెలవమని నేనడగను. నాకూ సిగ్గుంది. ఓడిపోబాకండి, చాలు. ఓడినారంటే ఆ సాయంత్రానికే క్లబ్బు మూత. క్లబ్బు లేనప్పుడు క్వార్టర్సు ఎందుకు, పలకలు పెట్టుకుంటా ఆ గదుల్లో."

ఆ కబురు పల్లెకు నాకన్నా ముందే పోయింది. మామ సంతోషపడ్డాడు, దాచుకోలేదు కూడా. "మంచిదే గదమ్మీ. వాడు మందతో కొండెక్కుతాడు. నాకా మోకాళ్ళు లేవు. ఎండాకాలమంతా నల్లమల్లో మేపుకోని వానలకి దిగుతాడు. నువ్వు మీ అత్త కాడ ఉందువు," అన్నాడు. మొగుడు అడవిలో, నేను చీర అడ్డం వెనక, పక్కన గొర్రెపిల్లలు. ఆ ఆదివారం నా ఎదురుగా ఉన్నది అదీ. అందుకే చెబుతున్నా, ఆ మైదానంలో ఎవరు దేనికోసం ఆడారో నాకు తెలియదు, నేను మాత్రం తలుపు కోసం నిలబడ్డాను.

నంద్యాల వాళ్ళు ముందే ఒక మెలిక పెట్టారు. గుంజలకు వలలు లేకపోతే ఆడమన్నారు. పోయినసారి వాళ్ళ బంతి గుంజల లోపలినుంచి పోయిందా, బయటినుంచి పోయిందా తేలక సాక్షులను పిలిచి పంచాయతీ చేయాల్సి వచ్చింది మరి. వల మద్రాసు నుంచి రావాలి, రెండ్రోజుల్లో ఎక్కడ వస్తుంది? పలకలాయన తల పట్టుకుని కూర్చుంటే నేనే చెప్పాను, మా మామ దగ్గర గొర్రెల వలలున్నాయని. మా పక్క కోతలయ్యాక రైతుల చేలల్లో రాత్రిపూట మందను కడతాం. చుట్టూ వల నిలబెట్టి గొర్రెలను అందులోకి తోలితే, తెల్లారేసరికి చేనికి కావలసినంత ఎరువు పడుతుంది. మామ మొదట ఇవ్వనన్నాడు. బతిమిలాడగా ఒక షరతు పెట్టాడు. "పొద్దుగూకే లోపల నా వలలు నాకియ్యాల. ఆ రేత్రికి ఒక ఆసామి చేలో మంద కట్టేదానికి మాటిచ్చినా. నేను మందను గ్రౌండు కాడికే తోలుకొస్తా. ఆట అయిపోతానే వలలు ఇప్పుకోని అట్నించి అట్ల పోతా." అందరికీ అది సబబుగానే తోచింది. గొర్రెల సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసినవాళ్ళం మా ఇంట్లోనే ఇంతమంది ఉన్నాం, ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం మొదలు కావలసిన ఆట, నంద్యాల వాళ్ళ లారీ ఘాట్ రోడ్డులో మొరాయించినందువల్ల పొద్దు వాలాక మొదలైంది. రెఫరీగా డ్రిల్లు మాస్టరు వచ్చాడు. కర్నూలు రోడ్డు దాకా జనం. మా గోలు వెనక బీట్లో మామ గొర్రెలు మేస్తున్నాయి, మామ కర్ర మీద గడ్డం ఆనించుకుని ఆట చూస్తున్నాడు. పక్కనే ఆసామి కూడా వచ్చి కూర్చున్నాడు, మందను దగ్గరుండి తన చేనికి తీసుకుపోవడానికి.

ఆట మొదలైన కాసేపటికే వాళ్ళవాడొకడు, పొడుగాటి మనిషి, బంతి తోసుకుంటూ మావాళ్ళందరినీ దాటుకుని వచ్చేశాడు. మా ఆయన ముందుకు ఉరికాడు. బంతి వైపు పోవలసినవాడు, ఏ జన్మ అలవాటో, వాడి వెనక కాలు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజి వెల్లకిలా తిప్పేశాడు. ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెను తిప్పినట్టే తిప్పాడు, మోకాలు కూడా వాడి ఛాతీ మీద పెట్టాడు. మామ కర్ర వదిలేసి చప్పట్లు కొట్టాడు. "అద్దీ పట్టు! సూసినావా ఆసామీ, నేను నేర్పిందే!" అన్నాడు. డ్రిల్లు మాస్టరు మాత్రం పెనాల్టీ ఇచ్చాడు. వాళ్ళకు గోలు.

 ఆయనకు ధైర్యం చెప్పాలి, పిలవాలి. పేరు పెట్టి పిలవకూడదు కదా. "ఏమయ్యో!" అని ఒక్క కేక వేశాను. క్వార్టర్సులో కాపురమున్న ఆటగాళ్ళందరూ ఆట ఆపి నావైపు తిరిగారు (వాళ్ళనూ వాళ్ళ పెళ్ళాలు అట్లాగే పిలుస్తారు). నంద్యాల వాళ్ళలో కూడా ఇద్దరు తిరిగారు. ఆ తిరిగిన ఇద్దరి మధ్యగా బంతి దొర్లిపోయి, మావాడెవడో దాన్ని ఎందుకైనా మంచిదని తన్నితే, పోయి వాళ్ళ వలలో పడింది. సమానం. జనం ఈలలు. తన్నినవాణ్ణి భుజాల మీద ఎత్తుకున్నారు. నా కేక సంగతి ఏ చరిత్రలోనూ ఎక్కలేదు కాబట్టి ఇక్కడ ఎక్కించాను.

అక్కణ్ణుంచి మావాళ్ళు పదకొండు మందీ గోలు ముందరే నిలబడ్డారు. ఓడకపోతే చాలన్నారు కదా, ఇంకెందుకు కదలడం? పొద్దు కొండల వెనక్కు దిగిపోతోంది. చూపు మసకబారుతోంది. మళ్ళీ ఆ పొడుగాయనే బంతి దొరికించుకుని వస్తున్నాడు. మావాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. మా ఆయన కూడా కింద పడ్డాడు. గుంజల మధ్య ఖాళీ, గుమ్మం తెరిచి పెట్టిన ఇల్లులాగా ఉంది. సరిగ్గా అప్పుడు, అవతలెక్కడో ఎవరో ఎవరినో తోశారని డ్రిల్లు మాస్టరు పొడుగ్గా విజిలు ఊదాడు.

మా మామకు ఒక అలవాటుంది. రోజూ పొద్దు గూకంగానే వల నిలబెట్టి, వేళ్ళు నోట్లో పెట్టి పొడుగ్గా ఈల వేస్తాడు. ఆ ఈల వింటే గొర్రెలు ఎక్కడున్నా వచ్చి వలలో దూరతాయి. ఆట మొదలైనప్పటినుంచీ డ్రిల్లు మాస్టరు ఊదుతూనే ఉన్నాడు, అవి తల కూడా ఎత్తలేదు. ఎండ ఉన్నప్పుడు ఈలకు అర్థం లేదు వాటికి. ఇప్పుడు పొద్దు గూకింది, ఈల మోగింది, ఎదురుగా వాటి వల, వాటి వాసనే వేస్తూ, ముందువైపు నోరు తెరుచుకుని ఉంది. ఇంకేం కావాలి? మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ గుంజలను చుట్టి వచ్చి, కింద పడున్న మా ఆయన్ను కూడా నెట్టుకుంటూ గోలులో దూరింది. ఆ పొడుగాయన విజిలు విన్నాడో లేదో, తన్నేశాడు. బంతి పోయి ముందున్న పొట్టేలు డొక్కకు తగిలి, పైకి లేచి, గొర్రెల మధ్యలో పడింది. దాని వెనకే ఆ పొడుగాయనా పోయి పడ్డాడు. అంతలో మామ, అలవాటు మనిషి కదా, గబగబా వచ్చి గోలు ముందర అడ్డంగా తాడు లాగి ముడి వేసేశాడు. లోపల గొర్రెలు, గొర్రెల మధ్య మా ఆయన, నంద్యాల పొడుగాయన, ఎక్కడో అడుగున బంతి.

"గోల్!" అన్నారు నంద్యాల వాళ్ళు. "విజిలు ముందే పడింది!" అన్నాడు పలకలాయన. "విజిలు వేరేదానికి ఊదినా," అన్నాడు డ్రిల్లు మాస్టరు. అసలు బంతి గీత దాటిందో లేదో చూస్తే తప్ప తేలదన్నాడు. ఆయన జేబులో రూల్సు పుస్తకం ఉంది, అందులో కుక్కల గురించి కూడా లేదట, గొర్రెల గురించి ఎక్కడుంటుంది?

"అన్నా, గొర్రెల్ని బయటికి తోలన్నా," అన్నాడు మామతో.

"తోలను," అన్నాడు మామ.

"ఏంది, తోలవా?"

"మంద పండుకున్నాక లేపేది మా ఇంటా వంటా లేదు. చూలు గొర్రెలున్నాయి. లేపి తొక్కిడి చేస్తే కడుపు పోతాది. తెల్లార్నీ, అప్పుడు సూసుకో నీ బంతి."

అప్పటిదాకా కూర్చునే ఉన్న ఆసామి లేచాడు. "ఏం మామా, ఈణ్ణే పండుకోబెడితే ఎట్ల? నా చేనికి పడాల్సిన ఎరువు గోలు కాడ పడతా ఉండాదే! ఈడ ఏం పండుతాది, బంతులా?" అని మామ తువ్వాలు పట్టుకున్నాడు. నంద్యాల వాళ్ళు రెఫరీ మీదికి, పలకలాయన నంద్యాల వాళ్ళ మీదికి, ఆసామి మామ మీదికి. లోపలినుంచి పొడుగాయన, "ముందు నన్ను బయటికి తియ్యండప్పా, ఇదేందో నా చొక్కా నమలతా ఉంది," అని ఒకటే మొర. నేను ఒక్కదాన్నే ఎవరిమీదికీ పోలేదు. కొంగు పిడికిట్లో పట్టుకుని, ఆకాశం వైపు చూస్తూ, ఇంకొంచెం చీకటి పడితే చాలని మొక్కుకుంటున్నాను.

పడింది. లారీ డ్రైవరు హారను కొట్టడం మొదలుపెట్టాడు, ఘాట్ రోడ్డు అర్ధరాత్రి ఎక్కలేనని. డ్రిల్లు మాస్టరు చేతులెత్తేసి, వెలుతురు లేనందువల్ల ఆట సమానంగా ముగిసిందని చెప్పి, మాట పూర్తి కాకముందే సైకిలెక్కాడు. నంద్యాల వాళ్ళు పొడుగాయన్ను వల పైనుంచి లాక్కుని, మళ్ళీ వస్తామని చెప్పి పోయారు (రాలేదు). తెల్లారి మందను లేపి చూస్తే బంతి దొరికింది. గీత దొరకలేదు. ముగ్గుతో గీసిన గీత, గొర్రెల కాళ్ళ కింద అదెక్కడుంటుంది? ఆ సంవత్సరం ఆసామి మా మామతో తన చేనికి ఇంకో రాత్రి మంద కట్టించుకుని సమాధానపడ్డాడు. గోలు దగ్గర మాత్రం మోకాలెత్తు గడ్డి మొలిచింది. ఆ తర్వాత క్లబ్బు ఇంకా చాలా ఆటలు ఓడింది. పిల్లలు పలకలు మాని నోటుపుస్తకాలు పట్టేదాకా, ఫ్యాక్టరీ నడిచినన్నాళ్ళూ నడిచింది. మూసేశామని ఎవరూ చెప్పలేదు. గుంజలు మాత్రం ఎవరో పందిరికి పీక్కుపోయారు.

ఆ సాయంత్రం సంగతి కొంచెం మిగిలింది. మంద ఉన్నచోట రాత్రికి కాపలా ఉండాలి కదా. మామకు మోకాళ్ళ నొప్పి, కాబట్టి మా ఆయనే ఉండాలన్నారు. నేను గదికి పరుగెత్తి, సంగటి, చింతాకు పప్పు గిన్నెలో పెట్టుకుని తీసుకుపోయాను. జనమంతా పోయారు. ఆయన ఇంకా ఆ నిక్కరు, ఆ బూట్లతోనే, గుంజకు వీపు ఆనించుకుని గోలులో కూర్చున్నాడు, ఒళ్ళో గొర్రెపిల్ల. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"కూసోమే కాసేపు. సల్లగా ఉంది."

"కూసునేదానికి లేదయ్యా. గది తలుపు తెరిసిపెట్టి వచ్చినా."

"గదిని ఎవురెత్తుకపోతారు?"

"ఇంత కష్టపడి నిలబెట్టుకున్యా, ఇప్పుడు పోగొట్టుకుంటానా?" అని గిన్నె ఆయన పక్కన పెట్టి, వెనక్కు కూడా చూడకుండా వచ్చేశాను. వచ్చి, లోపలికి పోయి, గడియ వేసుకుని, ఒక్కదాన్నే ఆ గదంతా నాదేనని సంతోషంగా పడుకున్నాను.

ఆయన పోయాక ఇప్పుడు నాకు గదులకు కొదవలేదు, ఏ గదిలో కూర్చున్నా అడిగేవాళ్ళు లేరు. ఒక్కోసారి ఆ రాత్రినాటి నేను, ఆ పడుచుపిల్ల గుర్తొస్తుంది, చేతులు ఊపుకుంటూ చీకట్లో గడియ కోసం పరుగెత్తుతున్నది. ఎదురైతే ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. ఒసే, తలుపు ఎక్కడికీ పోదులేవే, ఆయన జరిగి చోటిచ్చినాడు గదా, కాసేపు కూసో, అని. చెప్పినా వినదు. నాకు దాని సంగతి తెలుసు.